పాలు అరిగిపోతాయన్నాను

మొన్న శుక్రవారం పొద్దున హాస్టల్‌కు అమ్మ ఫోన్ చేసింది. "ఖాలా పోయింది బిడ్డా. జల్ది రా" అంది. బస్సులో సీటు ఉన్నా కూర్చోలేకపోయాను.

పాతబస్తీ దబీర్‌పురాలో మాకూ ఖాలాకూ మధ్య ఒకటే గోడ. పక్కింటి ముస్లిం ఆమెను, పిన్ని అన్నట్టు, ఖాలా అని పిలిచేదాన్ని. నేను పుట్టిన వారానికే అమ్మ జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేరింది. నాన్నకు రైలు పట్టాల మీద డ్యూటీ. అప్పటికి ఖాలా ఒళ్లో మూడు నెలల కొడుకు. రెండు నెలలు ఇద్దరమూ ఆమె పాలే తాగాం. వాళ్ల రివాజు ప్రకారం అతను నాకు అన్న. భాయ్ అనే పిలుస్తాను.

ఖాలా మా ఇద్దరికీ ఏదిచ్చినా రెండు ముక్కలు చేసేది. బిస్కెట్టయినా, జామకాయయినా. ఒక ముక్క పెద్దగా వస్తే దాని అంచు కొరికి సమానం చేసి, "ఇది నా కూలి" అనేది. మాకు ఇరవై ఏళ్లు దాటాక కూడా అంతే.

ఇంటర్‌లో ఉండగా లైబ్రరీ పుస్తకంలో ఒక సంగతి చదివాను. కడుపులో ఉన్నప్పుడు తల్లి కణాలు కొన్ని మాయను దాటి బిడ్డలోకి వెళ్తాయని, ఏళ్ల తరబడి అక్కడే బతుకుతాయని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఖాలాకు చెప్పాను. ఆమె ఉల్లిగడ్డలు తరుగుతోంది.

"అయితే మీ అమ్మ నీ లోపల కూసున్నదన్నట్టు."

"కొంచెం."

"మరి నావి?"

"పాలు అరిగిపోతయి ఖాలా" అన్నాను, పరీక్షలో జవాబులాగా.

కత్తి ఆగింది. "నా కొడుకును పక్కకు తోసి తాగినవ్. అంతా అరిగిపోయిందా?" అని నవ్వి, మళ్లీ తరగడం మొదలుపెట్టింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఇంకా మొత్తం చదవలే" అన్నాను.

"అయితే చదివి చెప్పు."

ఆ తర్వాత ఎప్పుడు కలిసినా, "చదువు అయిందా?" అని అడిగేది. ఇంటర్ అయిపోయింది, డిగ్రీ అయిపోయింది, ఎమ్మెస్సీలో చేరాను. "ఇంకా ఉంది ఖాలా" అనేదాన్ని. "నిమ్మళంగా చదువు. నేనెక్కడికి పోత" అనేది.

ఈ మధ్యే మిగతాది చదివాను. తల్లిపాలలోనూ బతికున్న కణాలుంటాయట. ఎలుకల్లో అవి పిల్లల ఒంట్లోకి చేరి నిలిచాయట. మనుషుల్లో ఇంకా తేలలేదట. ఒక చీటీ మీద రాసుకుని ఆదివారం వెళ్లాను. ఇంటినిండా చుట్టాలు. అందరి ముందూ పాల మాట ఎత్తలేక, చాయ్ తాగి వచ్చేశాను. వచ్చే ఆదివారం చెప్దామనుకున్నాను. ఆ ఆదివారం రాకముందే శుక్రవారం వచ్చింది.

చివరిసారి ఆమె ముఖం చూశాను. చెవి దగ్గరికి వంగి చెప్పాలనిపించింది. చుట్టూ ఆడవాళ్లు దువా చదువుతున్నారు. వంగలేదు.

మూడో రోజు భాయ్ నాకు చాయ్ తెచ్చి, గడప మీద పక్కన కూర్చున్నాడు.

"మొన్నటిదాక అడిగింది అమ్మీ, నీ చదువు అయిందా అని."

"ఇంకో ఏడాది ఉంది భాయ్."

"కాలేజీ చదువు కాదు పిచ్చిదానా. ఆ పాల ముచ్చట. మొత్తం చదివి చెప్తనన్నవంట గద."

నేను అన్నేళ్లూ కాలేజీ చదువు గురించే జవాబు చెప్పాను. ఆమె అడిగింది వేరే. బ్యాగులోంచి చీటీ తీసి, మడత విప్పి, అతనికి చదివి వినిపించాను. "ఎలుకలల్ల తేలిందంట. మనుషులల్ల పక్కా కాదు" అన్నాను.

"మనం ఎలుకల కన్న తక్కువనా?" అన్నాడు. మళ్లీ తనే, "గదే చెప్తే సరిపోతుండె ఆమెకు" అన్నాడు.

ఆ మాట నన్ను ఇంకా కూర్చోనివ్వడం లేదు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచాను.

భాయ్ జేబులోంచి బిస్కెట్టు తీసి విరిచాడు. ఒక ముక్క పెద్దగా వచ్చింది. రెండూ సాసర్లో పెట్టాడు. ఇద్దరం ఆ పెద్ద ముక్క అంచు వైపు చూస్తూ కూర్చున్నాం. చాయ్ చల్లారింది. ముక్కలు అట్లాగే ఉన్నాయి, ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా.