తాళం వేసిన ముగింపులు

జాహిద్ గారు మీకు ఏ కథైనా చెబుతారు. చివర మాత్రం చెప్పరు.

ఏలూరు పవర్‌పేటలో ఆయనకో కంప్యూటర్ షాపు ఉంది. జిరాక్స్, లామినేషన్, శుభలేఖలు, కాలేజీ ప్రాజెక్టులు అని బోర్డు. 'ప్రాజెక్టులు' పక్కన ఒక రాకెట్ బొమ్మ. ఆ బొమ్మ చూసైనా నేను జాగ్రత్తపడాల్సింది.

అది 2006. నాది ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరం. మా క్లాసులో సగం మంది హాస్పిటల్ మేనేజ్‌మెంటు, మిగతా సగం లైబ్రరీ మేనేజ్‌మెంటు చేస్తున్నారు. చేయడమంటే హైదరాబాదులో సీడీ కొనుక్కొచ్చి పైన తమ పేరు పెట్టుకోవడం. ఒకడు హాస్పిటల్ సీడీలో 'రోగి' అన్నచోటల్లా 'పుస్తకం' అని మార్చి లైబ్రరీ చేసేశాడు. అందులో ప్రతి పుస్తకానికీ బ్లడ్ గ్రూపు ఉండేది. క్లాసులో ఎక్కువ మార్కులు వాడికే వచ్చాయి.

నేను బుద్ధిగా జీతాల లెక్కల ప్రాజెక్టు అడిగాను.

"జీతాలెందుకండీ అశోక్ గారూ," అన్నారు జాహిద్ గారు. "నా దగ్గర పాత సైన్స్ ఫిక్షన్ కథలున్నాయండి. వారపత్రికల్లోంచి చింపి బైండు చేయించినవి. చెదలు తినేస్తున్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కిద్దాం. జనం చదవాలి, చదివి పోట్లాడుకోవాలి. అలాంటి సాఫ్ట్‌వేర్ చెయ్యండి."

"నాకు కంపెనీలో ఉద్యోగం ఖాయమైందండీ. ప్రాజెక్టు తప్పితే అది పోతుంది."

"అయితే మరీ మంచి ప్రాజెక్టు చెయ్యాలండీ!"

ఇంత మర్యాదగా ఇరుకున పెట్టే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సాఫ్ట్‌వేరుకు 'కుతూహలం' అని పేరు పెట్టాం. కథలు టైపు చేయించాం. తప్పులు దిద్దడానికి సీతారత్నం గారని ఒక పెద్దావిడ రోజూ వచ్చేవారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరయ్యారు. ఫ్యాను కింద కూర్చుని ఎర్ర పెన్సిలుతో దిద్దుకుంటూ పోయేవారు. మాట తక్కువ.

అంతా బాగానే ఉంది కానీ జాహిద్ గారు ఒక నిబంధన పెట్టారు. ఏ కథకూ చివరి పేజీ తెరుచుకోకూడదు. చదివినవాళ్ళు తమ ముగింపు తామే రాయాలి. రాశాక ఇంకొకరు రాసిన ముగింపు కనిపిస్తుంది. దాని మీద పోట్లాడుకోవచ్చు.

"మరి అసలు ముగింపు ఎప్పుడు చూపిస్తామండీ?"

"చూపించమండి."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూనండి."

కథలు భద్రపరచడం అంటే ఎవరికీ దొరక్కుండా దాచడమని ఆయన ఉద్దేశం కాబోలనుకున్నాను.

షాపుకి పని మీద వచ్చినవాళ్ళెవరూ ముగింపు రాయకుండా బయటపడేవారు కాదు. మండవల్లి నుంచి చేపల చెరువుల సుబ్బరాజు గారు రేషన్ కార్డు లామినేషన్‌కి వచ్చారు. జాహిద్ గారు కార్డు పుచ్చుకుని, ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఆ కథ పేరు 'కొల్లేటి నుంచి కుజుడికి'. కొల్లేటి పడవవాడొకడు కుండలో చేపపిల్లలు పెట్టుకుని, తాటిదోనెకి రాకెట్టు కట్టి కుజగ్రహం చేరతాడు. కథలో అది క్రీస్తుశకం 2000. అప్పటికి ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి గాల్లో ఐదు నిమిషాల ప్రయాణం. నిజం 2006లో మా పాసింజరు భీమడోలులో క్రాసింగుకి ఆగి ఉండేది.

సుబ్బరాజు గారి చెరువుల గట్లు అప్పుడే, కొల్లేటి ఆక్రమణలంటూ, ప్రభుత్వం వాళ్ళు పొక్లెయిన్లు పెట్టి కొట్టేస్తున్నారు. ఆయన రాసిన ముగింపు ఇదీ: 'పడవవాడు కుజుడి మీద చెరువు తవ్వెను. గట్టు పూర్తి కాకముందే పొక్లెయిను వచ్చెను.'

ఇంట్లో జాహిద్ గారి భార్య నఫీసా గారు మాత్రం ఆయన మీద కసి తీర్చుకునేవారు. పక్కింటి గొడవ సగం చెప్పి ఆపేసేవారట. "తర్వాతేమైంది?" అని ఈయన అడిగితే, "మీరే రాసుకోండి," అని కూరలోకి గరిటె దించేవారట.

వైవా రేపనగా నాకు భయం పట్టుకుంది. ముగింపుల్లేని కథల సాఫ్ట్‌వేరుని ఎగ్జామినర్ ఒప్పుకుంటాడా? తాళం వేసిన ప్రోగ్రాము నాదే కాబట్టి, ఆ తాళం తీసేద్దామని కూర్చున్నాను. అన్ని కథలకూ చివరి పేజీలున్నాయి. కొల్లేటి కథకు లేదు.

"దీని ముగింపేదండీ?"

జాహిద్ గారు గుమ్మంలోకి చూశారు. సీతారత్నం గారు భోజనానికి వెళ్ళారు.

"ఆ కథ ఆవిడదేనండి. కలం పేరుతో రాశారు, అయినా అప్పట్లో ఊరంతటికీ తెలిసిపోయింది. ఆఖరి భాగం పోస్టు చేశాక పత్రిక మూతపడింది. నకలు లేదు. ఇక ఊళ్ళో ఎక్కడ కనిపించినా 'తర్వాతేమైందండీ' అనేవాళ్ళే. మళ్ళీ రాద్దామంటే ఆవిడకి కుదరలేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు, రాయడం మానేశారు. ఇప్పుడు ఈ ఒక్క కథకే చివర లేదని తెలిస్తే, జనం మళ్ళీ అడగడం మొదలెడతారు కదండీ."

"అందుకని అన్నిటికీ తాళం వేసేశారా?"

"ఒకరికి పథ్యమైతే ఇంట్లో అందరం చప్పిడి తింటాం కదండీ."

"ఆవిడకి తెలుసా?"

"నాకు పిచ్చి అనుకుంటున్నారండి. అదే మంచిది."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మరి నా ఉద్యోగం?"

"తాళం మీ చేతిలో ఉందండి. మీ ఇష్టం," అని ఆయన లామినేషన్ మిషను దగ్గరికి వెళ్ళిపోయారు.

తియ్యలేదు. తియ్యలేకపోయాను.

ఎగ్జామినర్ బాపిరాజు గారు గూడెం నుంచి వచ్చారు. హాస్పిటళ్ళనూ లైబ్రరీలనూ ఆవులిస్తూ పాస్ చేస్తున్నారు. నా వంతు వచ్చింది. కొల్లేటి కథ తెరిచారు. ఆవులింత ఆగింది. టీ తెప్పించుకున్నారు. బయట కుర్రాళ్ళు బారులు తీరి నిలబడి ఉంటే, ఆయన తన ముగింపు టైపు చేసి మీట నొక్కారు. సుబ్బరాజు గారి ముగింపు వచ్చింది.

"ఎవడయ్యా ఈ సుబ్బరాజు? కుజుడి మీదకి పొక్లెయిను ఎలా వెళ్తుంది? అసలుది చూపించు."

"చూపించదండీ."

"అంటే ప్రాజెక్టు పూర్తి కాలేదన్నమాట."

"అయిందండీ. చదివినవాళ్ళు పోట్లాడుకోవడానికే చేశామండి. మీరు మొదలెట్టేశారు కూడా."

ఆయన మార్కు వెయ్యలేదు. అసలు ముగింపు చూశాకే వేస్తానని, మర్నాడు తిన్నగా షాపుకి వచ్చారు.

నేను కాలేజీ నుంచి తెచ్చి ప్రింటు తీసిచ్చిన ఆయన ముగింపుని సీతారత్నం గారు అప్పటికే దిద్దుతున్నారు. కాగితమంతా ఎర్రగా ఉంది.

"ఎవరో మహానుభావుడండీ," అన్నారు నాతో, ఆయనెవరో తెలియక. "పడవవాడి చేత కుజుడి మీద కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పెట్టించాడు!"

"ఏం, తప్పేంటండీ?" అన్నారు బాపిరాజు గారు.

"కుండలో చేపపిల్లలు ఉక్కిరిబిక్కిరైపోతుంటే వాడు ఫీజులు వసూలు చేస్తాడుటండీ? వాడలా చెయ్యడు."

"మీకెలా తెలుసండీ?"

జాహిద్ గారు గబగబా కాగితం లేకుండానే జిరాక్స్ మిషను నడిపించడం మొదలెట్టారు, ఆ మాట వినపడకుండా పోతుందేమోనని.

"నాకు తెలుసండీ. వాడేం చేస్తాడంటే..." అని ఆవిడ ఆగారు. బాపిరాజు గారి కాగితం వెనక్కి తిప్పారు. ఎర్ర పెన్సిలుతో రాయడం మొదలెట్టారు.

జాహిద్ గారు మిషను ఆపేసి షట్టరు సగం దించారు. బయట సుబ్బరాజు గారు వంగి చూశారు. "ఏవండీ, నా రేషన్ కార్డూ?"

"రేపు రండి. కుజుడి మీద పనుంది."

రాయడం అయ్యాక ఆవిడ కాగితం జాహిద్ గారికిచ్చారు. ఆయన చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివారు. బాపిరాజు గారు చెయ్యి చాపారు. జాహిద్ గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇక తాళాలు తీసేద్దామండీ!" అన్నాను సంబరంగా.

ఆయన సీతారత్నం గారి వంక చూశారు. ఆవిడ పెన్సిలు చెక్కుకుంటూ, "తర్వాతేమైందని నన్ను ఇన్నేళ్ళు అడిగారండీ ఊరంతా. ఇప్పుడు వాళ్ళని చెప్పమనండి ముందు," అన్నారు. ఆవిడ నవ్వడం ఆ రోజే చూశాను.

అసలు ముగింపు దొరక్కపోయినా పోట్లాట రుచి దొరికిందేమో, బాపిరాజు గారు నాకు మార్కులు వేశారు, ఉద్యోగమూ నిలిచింది. ఇప్పటికీ ఆయన కొత్త ముగింపు రాసుకుని గూడెం నుంచి వస్తూనే ఉంటారు. ఆవిడ పదికి మూడు దాటనివ్వడం లేదు.

నఫీసా గారికి మాత్రం జాహిద్ గారు అసలు ముగింపు చెప్పేశారని నా అనుమానం. ఒకరోజు ఇంటికే వెళ్ళి అడిగాను. ఆవిడ టీ చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, "ముందు మీరేమనుకుంటున్నారో చెప్పండి," అన్నారు.