పెద్ద కుప్ప ముందు

ఉపేంద్ర ఎప్పుడూ ఇరవై డాలర్లతోనే టేబుల్ దగ్గర కూర్చునేవాడు. మిగతావాళ్ల ముందు వందల డాలర్ల చిప్స్ కుప్పలుగా పడి ఉన్నా సరే, తన ముందు మాత్రం ఆ ఇరవయ్యే. టేబుల్ అంటే నిజం టేబుల్ కాదు, ఫోన్లో ఆడే పోకర్ పేకాట. మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో ఒక గోడౌన్‌కి సూపర్‌వైజర్ అతను. టీ బ్రేకులో కారులో కూర్చుని, అద్దాలు ఎత్తేసుకుని ఆడేవాడు.

పెద్ద కుప్పవాడు ఎంత బెదిరించినా మన దగ్గరున్న ఇరవై కంటే ఎక్కువ లాక్కోలేడు కదా అన్నది అతని సిద్ధాంతం. మంచి ముక్కలు పడేదాకా ఓపిగ్గా పారేస్తూ కూర్చోవాలి, పడ్డాక ఉన్నదంతా ఒక్కసారే ముందుకు తోసెయ్యాలి. వినడానికి ఎంత బాగుంది! ఒక ఇరవై పోయాక ఇంకో ఇరవై, అదీ పోయాక మరొకటి తియ్యకూడదని మాత్రం ఆ మహానుభావుడి సిద్ధాంతంలో ఎక్కడా లేదు.

అసలు అతను ఆడనే కూడదు. రెండేళ్ల కిందట, ఇంటి అప్పు తీర్చడానికి దాచిన డబ్బులో సగం ఇలాగే హారతి కర్పూరం చేశాడు. భార్య శేషుకుమారి ఏడవలేదు, అరవలేదు. మెల్‌బోర్న్ నుంచి సిడ్నీ దగ్గరున్న హెలెన్స్‌బర్గ్ గుడిదాకా కారులో తీసుకెళ్లి, వెంకటేశ్వరస్వామి ఎదుట కూతురు అపూర్వని నిలబెట్టి, ఆ పిల్ల తల మీద అతని చెయ్యి పెట్టించింది.

"ఇంకోసారి ఆడారో, దీన్ని తీసుకుని బ్రిస్బేన్‌లో మా అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతాను. మళ్లీ తిరిగి రాను," అంది. అన్నంత పనీ చేసే మనిషి. ఉపేంద్ర ఒట్టు వేశాడు. కొన్నాళ్లు నిలబడ్డాడు కూడా.

తర్వాత దాసు అనే కుర్రాడు ఫోన్లోనే నడిపే ప్రైవేట్ క్లబ్బులో చేరాడు. అందరూ తెలుగువాళ్లే, అందరివీ మారుపేర్లే. డబ్బు పంపితే చాలు, ఎవరని అడిగేవాళ్లు లేరు. అప్పట్నుంచీ అపూర్వకి కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, అతని గుండెల్లో రాయి పడేది. ఆ రోజు ఫోను ముట్టేవాడు కాదు. జ్వరం తగ్గేది, ఫోను బయటికి వచ్చేది. ఇలాంటివాణ్ణి ఏమనాలి?

ఆ క్లబ్బులో అతని ప్రాణం తోడేసింది కరివేపాకు అనే పేరుతో ఆడే మనిషి. ఎప్పుడు చూసినా అందరికంటే పెద్ద కుప్ప. ముక్కలు ఎలాంటివైనా పందెం పెంచడమే, చిన్నవాళ్లని హడలగొట్టడమే. 'ఎవడో డాక్టరై ఉంటాడు, తిన్నది అరక్క ఆడుతున్నాడు' అని ఉపేంద్ర పళ్లు నూరుకునేవాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ కుప్ప కూల్చాలన్న కక్ష పట్టుకుంది. రాత్రి అన్నం దగ్గర కూడా అదే ధ్యాస. ఎదురుగా కూర్చున్న శేషుకుమారి కూడా ఈమధ్య సరిగ్గా తినడం లేదన్న సంగతి అతని కళ్లకి ఆనలేదు.

అక్కడ చలికాలమైన జూలైలో ఒక శనివారం నడుం పట్టేసి పాయింట్ కుక్‌లోని తన ఇంట్లోనే ఉండిపోయాడు. అపూర్వ హాల్లో టీవీ చూస్తోంది. శేషుకుమారి బట్టలు మడతపెట్టాలని లాండ్రీ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఉపేంద్ర దుప్పట్లో ఫోను తెరిచాడు. కారులో కాదు, ఇంటి వైఫై మీద ఆడుతున్నానన్న ఆలోచన అతనికి రాలేదు.

రెండు ఆసులు పడ్డాయి. కరివేపాకు అలవాటు ప్రకారం పందెం పెంచాడు. ఉపేంద్ర ఉన్న ఇరవై తోసేశాడు. సరేనన్నాడు కరివేపాకు. అంతలో ఫోన్లో ఆట ఆగిపోయింది. దాసు నుంచి కాల్ వచ్చింది.

"ఏంటన్నా ఇది? మీరూ ఆ కరివేపాకూ సేమ్ వైఫై మీద ఉన్నారు. ఒకే ఇంట్లోంచి ఇద్దరు కూడబలుక్కుని జనాన్ని ముంచుతున్నారని టేబులంతా గోల. ఇద్దర్నీ బ్లాక్ చేశా."

"మతుండే మాట్లాడుతున్నావా? మా ఇంట్లో ఇంకెవరున్నారు, నేనూ..." అని ఆగిపోయాడు.

లాండ్రీ గదిలోంచి "అయ్యయ్యో" అని వినిపించింది.

నడుం పట్టుకుని వెళ్లి తలుపు తీశాడు. చలికి చచ్చిపోతుందని లోపల పెట్టిన కరివేపాకు మొక్క పక్కన, నేల మీద కూర్చుని ఉంది శేషుకుమారి. బట్టలు బుట్టలోనే ఉన్నాయి. ఒళ్లో ఫోను. అతని చేతిలో ఫోను చూసి ఆమె మొహం పాలిపోయింది.

"మీరు... మానేశారు కదండీ?"

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ క్షణంలో ఉపేంద్రకి కలిగింది సంతోషమే. ఇక ఈవిడ నన్ను వదిలి ఎక్కడికి పోగలదు అనుకున్నాడు.

"అయితే అంత కుప్పా నువ్వు గెలిచిందేనా?" అన్నాడు.

"గెలవడమా?" ఆమె నవ్వబోయింది, రాలేదు. "తగ్గినప్పుడల్లా హోమ్‌లోన్‌లో మనం అదనంగా కట్టింది రీడ్రా చేసి, వెనక్కి తీసి పోసేదాన్ని. ముందు ఎక్కువుంటే ఎదుటివాళ్లు జడుస్తారని, మీరు నా పక్కనే కూర్చుని ఆడే రోజుల్లో మీరే కదా చెప్పారు. మీరెలాగూ మానేశారు, పోయింది నేనైనా రాబడదామనుకున్నా. అది దాదాపు అంతా అయిపోయిందండీ."

ఇన్నాళ్లూ తను పళ్లు నూరింది, కక్ష కట్టింది, తన ఇంటి గోడలు ఒక్కొక్కటిగా అమ్ముకుంటున్న ఈ మనిషి మీదా? ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా మొహం లేదు.

"అపూర్వా, ఇలా రామ్మా," అని పిలిచాడు. పిల్ల వచ్చింది. భార్య చెయ్యి పట్టుకుని పిల్ల తల వైపు లాగాడు. "ఒట్టు వెయ్యి శేషూ. ఇప్పుడే వెయ్యి."

శేషుకుమారి చెయ్యి విడిపించుకుంది.

"వద్దండీ. దాని నెత్తిమీద మీది ఒకటుంది, చాలదా?"

అపూర్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. జుట్టు తడుముకుంది.

"డాడీ, వాట్స్ ఆన్ మై హెడ్?"

అదేమిటో అద్దంలో చూసుకోవడానికి పిల్ల బాత్రూములోకి వెళ్లింది.