సుగుణమ్మ గారి అట్టల కుర్చీ

మొన్న నానిన మెంతులు రుబ్బుతుంటే, ఆ చేదు వాసనకి అమలాపురంలోని మా బడి వరండా కళ్ళ ముందుకొచ్చింది. అక్కడ మాకు కుట్లు, అల్లికలు నేర్పే సుగుణమ్మ గారు మోచేతుల దాకా కాగితం గుజ్జు పూసుకుని కూర్చునేవారు. డెబ్బయ్యో దశకం చివరి రోజులు. నేను ఆరో తరగతి. చిన్నతనంలో వచ్చిన పోలియోకి నా కుడికాలు సన్నబడి, నడుము ఒక పక్కకి ఒరిగిపోయింది. వీపుకి ఆనిక లేని బల్ల మీద రెండో పీరియడుకే పక్కపిల్ల మీదకి వాలిపోయేదాన్ని. "ఇంటిదగ్గరే చదివించుకోండమ్మా, పరీక్షలకి తీసుకురండి," అని హెడ్మాస్టారు మా అమ్మతో మెత్తగానే చెప్పేరు. అమ్మ "ఆయ్" అని తలూపి నా పుస్తకాలు సంచిలో సర్దింది.

గుమ్మం దగ్గర సుగుణమ్మ గారు అడ్డొచ్చేరు. "కొన్నాళ్ళు ఆగండమ్మా. పిల్లకి సరిపడే కుర్చీ నేను చేస్తాను."

"చెక్కపని మీకు వచ్చాండీ?"

"రాదు. కాగితంతో చేస్తాను."

అమ్మ నావైపు చూసి, పుస్తకాల సంచి కింద పెట్టింది.

సుగుణమ్మ గారు నన్ను ఇసుక బస్తా మీద కూర్చోబెట్టి, అందులో పడిన గుంటని బట్టి కొలతలు తీసుకున్నారు. మందుల షాపు అట్టపెట్టెలు కోసి, ఒకదానికొకటి అడ్డంగా అంటించి, పాత పరీక్ష పేపర్ల గుజ్జులో జిగురు కోసం మెంతిపిండి కలిపి పైన మెత్తారు. అది ముసురు పట్టిన వారం. నేను కూర్చోగానే కుర్చీ మెల్లగా కుంగిపోయింది. పిల్లలు గొల్లుమన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం కత్తితో దాన్ని రెండుగా కోసి లోపలి తడి చూపించేరు. "తప్పు నీ బరువుది కాదమ్మా, నా తొందరది."

రెండోసారి ఒక పొర పూర్తిగా ఎండితేనే ఇంకో పొర వేశారు. పైన వార్నిష్ పూసి, భారీ మనిషైన హెడ్మాస్టారినే పిలిచేరు.

"పడితే పూచీ మీదేనండోయ్!"

"ఆయ్, కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. అటూ ఇటూ ఊగి చూశారు. లేచి, ఆ కుర్చీని తనే మా క్లాసులోకి మోసుకెళ్ళారు.

వారం తర్వాత సుగుణమ్మ గారు నా మోచేయి పట్టుకున్నారు. చర్మం కమిలి ఉంది. "చేతిపట్టె ఒరుసుకుంటోంది కదా, చెప్పలేదేం?"

"ఇంత కష్టపడి చేశారు కదండీ..."

"నా కష్టం కోసం నువ్వు నొప్పి పడతావా? బాగోకపోతే బాగోలేదని చెప్పాలి. అలా చెప్తేనే కదా సరిచేసేది." అక్కడికక్కడే దాన్ని గీకి నున్నగా చేశారు. ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ అట్టలు అంటించి కుర్చీ ఎత్తు పెంచేవారు. పదో తరగతి దాకా అందులోనే కూర్చున్నాను.

ఉద్యోగంలో చేరిన రోజున నా సీటు మేడమీద అన్నారు. చుట్టూ అందరూ కొత్తవాళ్ళే. "నాకు మెట్లు ఎక్కడం కష్టమండీ, కింద సీటు కావాలి," అన్నాను. మాట మింగలేదు. ఇప్పటికీ మింగను.