పెరటి గదిలో పూలకూజా

నా చిన్నప్పుడు మేము తార్నాకలో, యూనివర్సిటీకి వెళ్ళే రోడ్డు పక్క సందులో ఒక అద్దె పోర్షన్లో ఉండేవాళ్ళం. నాన్నగారికి యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం రావడంతో కోస్తా నుంచి వచ్చాం. మాతోపాటు మా బామ్మ మడీ ఆచారమూ కూడా రైలెక్కి వచ్చాయి. నేను ఏడో తరగతిలో ఉండగా పెద్దమనిషినయ్యానని ఆవిడ నన్ను పెరటి గదిలో కూర్చోబెట్టింది.

ఆ గదికి ఒకటే కిటికీ. నా చాప, కంచం, గ్లాసు అన్నీ వేరు. నేను ముట్టుకున్నదేదీ మళ్ళీ ఇంట్లోకి రాకూడదన్నారు. చదువుకుంటానంటే, పుస్తకం సరస్వతి కనుక మైల తగలకూడదని బామ్మ నా పుస్తకాల్నీ తీసుకుపోయింది. అమ్మ గడప దగ్గర అన్నం పెట్టి నా ముఖం చూడకుండా వెళ్ళిపోయేది. చూస్తే ఏడుపొస్తుందని కాబోలు. సందులో నా తోటిపిల్లలు ఆడుకుంటున్న అరుపులు వినబడుతుంటే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు ఆ చేతులంటే నాకే అసహ్యం వేసింది. మంచినీళ్ళ గ్లాసు అందుకోవడానికి కూడా జంకేదాన్ని.

పక్క పోర్షన్లో ఒక అక్క ఉండేది. వాళ్ళది నల్గొండ వైపు పల్లె. అన్నావదినల దగ్గర ఉండి ఎమ్మెస్సీ చదువుకునేది. ఒక మధ్యాహ్నం క్లాసు నుంచి వస్తూ కిటికీ దగ్గర ఆగింది.

“ఏంది పిల్లా, పొద్దున పోయేటప్పుడు గా గోడనే చూస్తున్నవ్, ఇప్పుడు గూడ గా గోడనే చూస్తున్నవ్?”

నేను ముట్టుకుంటే అన్నీ పాడైపోతాయని చెప్పాను. అక్క తమ ఇంట్లోకి వెళ్ళి, పాత పేపర్లు, ఖాళీ టానిక్కు సీసా, అంచు విరిగిన మగ్గు పట్టుకొచ్చింది. బామ్మ పరుగున వచ్చి, ఆ గదిలోకి ఏదీ ఇవ్వకూడదంది.

“పారేసేటి చెత్తనే గద బామ్మగారూ. చెత్తకు మైల ఏముంటది?” అంది అక్క నెమ్మదిగా.

బామ్మ ఆ సీసానీ మగ్గునీ ఎగాదిగా చూసింది. చెత్త సంగతి ఆచారంలో లేదనుకుందేమో, లోపలికి వెళ్ళిపోయింది.

అక్క చెప్పినట్టు పేపర్లు చింపి మగ్గులో నీళ్ళు పోసి నానబెట్టాను. మర్నాడు అక్క మెంతిపిండి, గంజి తెచ్చిచ్చింది. కాగితాల్ని పిసికి ముద్ద చేసి, ఆ రెండూ కలిపి, సీసా చుట్టూ మెత్తితే పూలకూజా అవుతుందంది. నేను ఆత్రంగా మెత్తింది మెత్తినట్టే జారి కిందపడింది. చేతులు వెనక్కి లాక్కుని, నేను చెప్పలేదా అన్నట్టు చూశాను.

“నీళ్ళు సరిగ్గ పిండలే, గంతే,” అంటూ అక్క ఊచల మధ్య నుంచి చేయి పెట్టి, నా చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఎంత గట్టిగా పిండాలో, ఎలా అద్దాలో నా వేళ్ళ మీద తన వేళ్ళుంచి చూపించింది. అన్ని రోజుల్లో నన్నొకరు తాకడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. పెరట్లోంచి బామ్మ చూస్తోంది. అక్క అటు తిరిగి, “ఇంటికి పోయి తానం చేస్త తియ్యుండ్రి,” అంది. బామ్మ తల ఊపింది.

కూజా ఒక పక్కకు ఒరిగింది గానీ నిలబడింది. ఎండాక అక్క తెచ్చిన సున్నం పూసి, ఎర్రటి జాజుమట్టితో తీగలు గీశాను.

గడువు తీరి నాకు స్నానం చేయించిన రోజు గదిలోవన్నీ తీసేశారు. చాప, బట్టలు చాకలామెకు ఇచ్చారు. కూజా కూడా పోతుందని నేను గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను. బామ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. పసుపునీళ్ళు చిలకరించి, తన చేత్తోనే ఎత్తి నాకిచ్చింది. “అడుగు ఇంకా పచ్చిగానే ఉందే. ఎండలో పెట్టు,” అంది.

ఆ సాయంత్రం అక్క క్యాంపస్ నుంచి తంగేడు పూలు తెచ్చి అందులో పెట్టింది.

అక్క బామ్మతో పోట్లాడలేదు, బామ్మ మాటకు లొంగనూ లేదు. నా చేతికి పని దొరికేంత సందు చూసుకుని, అందులోంచి తన చేయి చాచింది. తర్వాత జీవితంలో అలాంటి గదులు నాకు మరికొన్ని ఎదురయ్యాయి, వాటికి గోడలు ఉన్నా లేకపోయినా. ఏ గదిలో ఉన్నా, నా చేతులు మంచివేనన్న నమ్మకం మాత్రం ఆ రోజు తర్వాత నన్ను విడిచిపోలేదు.