నాకెవరూ చెప్పలేదు

అప్పట్లో మా కంబదూరు వైపు ఉద్యోగానికి పోయేవాణ్ణి ఏం చదివావని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. "నీకెవరు చెప్తాండారు?" అని అడిగేవాళ్ళు. పైవాళ్ళతో మన గురించి చెప్పేవాడు లేకపోతే ఎంత చదివినా దండగేనని ఊరందరి నమ్మకం. ఆ నమ్మకం మీద నాకు అప్పుడూ మంటే, ఇప్పుడూ మంటే.

మాకు చెప్పేవాళ్ళెవరు? నాయనేమో ఊరి పెద్దాయన చేలల్లో కూలి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి, పంచాయతీ సమితి బళ్ళకు టీచర్లు కావాలంటే ఇంటర్వ్యూకు ఒక్కదాన్నే పోయాను. వరండాలో ఉన్న ప్రతివాడి జేబులోనూ ఎవరో ఒకరి చీటీ ఉంది. నన్ను లోపలికి పిలిచి, నల్లబల్ల దగ్గర నిలబెట్టి, పాఠం చెప్పమన్నారు. చెప్పాను. ఆడ టీచర్లు దొరక్క సమితి వాళ్ళు అవస్థ పడుతున్న రోజులవి. నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది, అదీ మా ఊరి బడికే.

ఊళ్ళో ఒక్కరైనా "బాగా చదివినావమ్మా" అనలేదు. "ఎవరు చెప్పినారంట?" అన్నారు. నాకెవరూ చెప్పలేదంటే నవ్వారు. చివరికి వాళ్ళే తేల్చేశారు, పెద్దాయనే చెప్పి ఉంటాడని. నాయన కూడా అదే నమ్మాడు. నేను ఇంటర్వ్యూకు పోయిన రోజు నాకు తెలియకుండా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడట. "చూద్దాంలే" అన్నాడట పెద్దాయన. అంతే, ఆ ముక్క పట్టుకున్నాడు నాయన.

తమాషా ఏమిటంటే, ఎన్నికల్లో చెరొక పార్టీ అయినప్పటి నుంచి పెద్దాయనకూ సమితి ప్రెసిడెంటుకూ మాటల్లేవు. ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్ళు. ఇది ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆయన నిజంగా నా పేరెత్తి ఉంటే వచ్చే ఉద్యోగం కాస్తా ఊడేది. అయినా నమ్మారు. కూలివాడి కూతురికి ఎవరూ చెప్పకుండానే ఉద్యోగం వచ్చిందనుకోవడం కంటే వాళ్ళకు అదే సులువు. పెద్దాయన ఔననలేదు, కాదనలేదు. మీసం దువ్వుకుంటూ ఊరుకున్నాడు.

ఆయన మాటతో ఉద్యోగం సంపాదించినవాళ్ళకు మా ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది. వానలకు ముందు, విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే రోజుల్లో, యాడున్నా వచ్చి ఆయన వాకిట్లో కూర్చోవాలి. విత్తనం గింజకు పైపొర చిట్లకూడదు కాబట్టి అంతా చేత్తోనే ఒలవాలి. కూలి ఆడవాళ్ళకు సాయంత్రం గింజలే కొలిచి ఇచ్చేవాళ్ళు. ఆయన మనుషులకు కూలి లేదు. బస్సు కండక్టరు, తాలూకాఫీసు బంట్రోతు, ఆస్పత్రి కాంపౌండరు, అందరూ సెలవు పెట్టుకుని పెళ్ళాలతో సహా వచ్చి, వేళ్ళు బొబ్బలెక్కేదాకా ఒలిచి, మజ్జిగ తాగి పోయేవాళ్ళు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇంతే.

వేసవి సెలవుల్లో నాకూ పిలుపు వచ్చింది.

"పోమ్మా, ఒగదినమే కదా. పోకుంటే ఊర్లో నా బతుకేం కావాల?" అన్నాడు నాయన. నాయన మొహం చూసి పోయాను.

పోయి, ఆయన మనుషులు కూర్చున్న పందిరి కింద కాకుండా కూలి ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాను. మాకు మజ్జిగ లోటాతో పైనుంచి దోసిట్లోకి పోసేవాళ్ళు. తాగాను. పొద్దు వాలాక అందరితో పాటు లేచి, కొలిచే మనిషి ముందు కొంగు పట్టాను. అతను బిత్తరపోయి పెద్దాయన వైపు చూశాడు.

"ఏమ్మా టీచరమ్మా, మన మనుషులకు కూలేంది?" అన్నాడు పెద్దాయన అరుగు మీద నుంచి.

"నేను కూలికే వచ్చినానయ్యా. పొద్దున్నించి ఒలిచినా. కొలిపించండి."

"మరి నీకు ఉద్యోగం యాడిది?"

"సమితిది. నా గురించి మీరు ఎవరికి చెప్పినారో చెప్పండి, ఈ గింజలు ఈడనే పోసి పోతా. ప్రెసిడెంటుకా?"

పందిరి కింద ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే దగ్గు వచ్చినట్టు నటించారు. పెద్దాయన మొహం కందిపోయింది. "కొలిచియ్యరా," అన్నాడు. తర్వాత గడప పక్కన నిలబడ్డ నాయనతో, "నీ బిడ్డకు నోరు శానా ఉండాదిరా," అన్నాడు. నాయన తల వంచుకున్నాడు.

దారిలో నాయన ఒక్కసారే నోరు తెరిచాడు. "నువ్వనింది నిజమేమ్మా. నిజం చెప్పి నువ్వు బడికి పోతావు, నేను ఆయన చేనికే పోవాల కదా." నాకు ఏడుపొచ్చింది. అయినా మళ్ళీ ఆ వాకిట్లో నిలబెడితే మళ్ళీ కొంగు పడతాను.

నాయన భయపడ్డట్టే అయింది. మరుసటి ఎన్నికల్లో పెద్దాయన బామ్మర్దే ప్రెసిడెంటు అయ్యాడు. కుర్చీ ఎక్కీ ఎక్కకముందే నా బదిలీ ఆర్డరు వచ్చింది. మైసూరు సరిహద్దులో, బస్సు దిగి గుట్టలమ్మట నడిచిపోవాల్సిన ఊరు. ఆడదాన్ని ఒక్కదాన్ని ఆ ఊళ్ళో ఎట్లా ఉండాలో తెలియక రాజీనామా రాసిచ్చేస్తానని వాళ్ళ లెక్క. నిజం చెప్పొద్దూ, నాకూ గుండె జారింది.

బయల్దేరే రోజు నాయన నా ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దగ్గరికి వచ్చాడు. పెద్దాయన గుమాస్తా అక్కడే కాచుకుని ఉన్నాడు.

"ఏమప్పా, మొండికి పోతావెందుకు? పాపను తీసుకపోయి ఆయన కాళ్ళమీద పడుపో. ఒగ మాట చెప్పినాడంటే బదిలీ నిలిచిపోతాది."

నాయన పెట్టె దించాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంటి మనిషి ముందు నాయన తలెత్తి మాట్లాడింది అదే మొదటిసారి.

"నా బిడ్డకు మీ పెద్దాయన నిజంగా చెప్పిన మాట ఈ బదిలీ ఒగటే కదన్నా. దాన్నెందుకు కాదనాల? పోతాది."

నా కంటే ముందు తనే బస్సెక్కాడు. పందిరి కింద ఏటేటా ఒలిచే ఆ కండక్టరే టిక్కెట్లు కొడుతున్నాడు. "ఎన్నప్పా?" అన్నాడు.

"రెండియ్యి," అన్నాడు నాయన. "నేనూ ఆడనే ఉంటా."