తిప్పని బిళ్ల

ఎనిమిదేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. "లేదు మేడమ్, నాకు తెలీదండి." అంతే. చిన్న మాట. అన్నది నేనే, అది అబద్ధం. దానివల్ల ఒక వంటమనిషి పని పోయింది. ఒక అమ్మాయి కాలేజీకి రావడం మానేసింది. నాకు మాత్రం మంచి పేరు వచ్చింది. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. మిగిలిందేదీ మార్చలేదు.

అప్పుడు రాజమండ్రిలో డిగ్రీ రెండో ఏడు. ఆడపిల్లల హాస్టల్‌కి నేను మెస్ సెక్రటరీని. మాది పెనుగొండ దగ్గర పల్లె. కోసిన వరి పనల మీద ఉండగా వాన పడితే ఇంటిల్లిపాదీ తిండి మానేసి ఆకాశం కేసి చూసే ఇల్లు. అలాంటి ఇంటి నుంచి వచ్చి, హాస్టల్ వెనక కుడితి డ్రమ్ములో రోజూ సగానికి పైగా తెల్లటి అన్నం చూసేదాన్ని. ప్రాణం ఉసూరుమనేది. అందుకని ఒక పద్ధతి పెట్టాను. వంటింటి గుమ్మం పక్కన చెక్క బోర్డు, దానికి మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో అమ్మాయి నంబరు రాసిన రేకు బిళ్ల. భోజనానికి ఉండనివాళ్లు ముందే తమ బిళ్ల తిప్పి పెట్టాలి. తిప్పని బిళ్లలు ఎన్ని ఉంటే అంతమందికే వంటావిడ వీరమ్మ బియ్యం కొలిచి పొయ్యాలి.

నెల తిరిగేసరికి డ్రమ్ము అడుగు కనిపించింది. కుడితి పట్టుకెళ్లే ఆయన తొంగి చూసి, "మా గేదెల కడుపు కొట్టేశారు కదమ్మా," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంకెవరి కడుపైనా కొట్టానా అన్న ఆలోచన రాలేదు. ప్రిన్సిపాల్ గారు అందరి ముందూ నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. ఆ రోజంతా నేల మీద నడిచిన గుర్తు లేదు.

నూకరత్నం నా క్లాసే. కాకినాడ అవతల సముద్రం మీదకి వేటకి వెళ్లే వాళ్ల పిల్ల. హాస్టల్లో సీటు దొరకలేదు. పిన్ని ఇంట్లో ఉండేది. ఆ పిన్ని తెల్లారకముందే చేపల బుట్టతో వెళ్లిపోతే మళ్లీ పొయ్యి వెలిగేది సాయంత్రమే. మధ్యాహ్నం నూకరత్నం మా వంటింటి వెనక వసారాలో కూర్చుని, మర్నాటి బియ్యంలో రాళ్లు ఏరిపెట్టేది. అందరూ తిన్నాక మిగిలిన అన్నం, పులుసు వీరమ్మ ఆమెకి పెట్టేది. ఎవరూ అనుమతి ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. అలా నడిచిపోయేది.

నేను ఆ మిగలడమే లేకుండా చేశాను.

ఆ సంగతి నాకు తెలిసిన రోజు ఆమె వసారాలో కూర్చుని గంజిలో ఉప్పు వేసుకుని తాగుతోంది. నన్ను చూసి గ్లాసు వెనక్కి పెట్టుకుంది. నేను చూడనట్టు నటించాను. అప్పుడే వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్లి, ఈ అమ్మాయికి కూడా ఒక బిళ్ల ఇవ్వండి అని అడిగి ఉండవచ్చు. ఎందుకు అడగలేదు? ఆవిడ ఒప్పుకోరనా? కాదు. అడిగితే నా పద్ధతిలో ఒక మనిషి ఆకలి కనబడలేదని నా నోటితో నేనే చెప్పినట్టవుతుంది. మెచ్చుకోలు ఇంకా కొత్తగా ఉంది. అది పాడవడం నాకు ఇష్టం లేదు.

దొంగదారి పట్టాను. "ఊరెళ్లినవాళ్ల బిళ్లల్లో రోజుకొకటి మళ్లీ ఇటు తిప్పేసి ఉంచు. ఆ అన్నం నూకరత్నానికి పెట్టు," అని వీరమ్మకి చెప్పాను.

వీరమ్మ నవ్వింది. "అదేంటండి అమ్మాయిగారూ, మీరెట్టిన రూలుకి మీరే కన్నమెట్టేత్తన్నారు. ఎవరన్నా అడిగితేనో?"

"నేను చెప్తాను. పూచీ నాది."

"అలాగేనండి," అంది. నమ్మింది.

రెండు నెలలు బాగానే గడిచింది. ఒక శనివారం మా పద్ధతి చూడ్డానికి వేరే కాలేజీ వాళ్లు వచ్చారు. వార్డెన్ మేడమ్ బోర్డు చూపిస్తూ, ముందురోజు తనే సెలవు చీటీ మీద సంతకం పెట్టి ఊరికి పంపిన అమ్మాయి బిళ్ల దగ్గర ఆగిపోయారు. అది తిప్పి లేదు. వచ్చినవాళ్ల ముందు ఏమీ అనలేదు. వాళ్లు వెళ్లాక నన్నూ వీరమ్మనీ వంటింట్లో నిలబెట్టారు.

"లేని పిల్లకి వంటేంటి వీరమ్మా?"

వీరమ్మ నా కేసి చూసింది. చెప్పండి అన్నట్టు. భయంగా కాదు, మామూలుగా.

మేడమ్ కూడా నా వైపు తిరిగారు. "ఉంచమని నువ్వు చెప్పావా?"

"లేదు మేడమ్. నాకు తెలీదండి."

వీరమ్మ పమిట కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతులు. "నేనే ఉంచానండి," అంది.

"బాగుంది. సెక్రటరీ గారు మెతుకు మెతుకు మిగుల్చుతుంటే నువ్వు గిన్నెలు గిన్నెలు ఇంటికి మోస్తున్నావా?"

"ఇంటికి కాదండి."

"మరెవరికి?"

తలుపు అవతల వసారాలో నూకరత్నం చేటతో కూర్చుని ఉంది. బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగిపోవడం నాకు వినబడింది. పేరు చెబితే ఆ పిల్ల పరువు పోతుందని వీరమ్మ దొంగ అనిపించుకుని, సాయంత్రానికి పని పోగొట్టుకుని వెళ్లిపోయింది. నూకరత్నం సోమవారం క్లాసుకి రాలేదు. ఆ ఏడు పరీక్షలకీ రాలేదు.

వాళ్లని వెతకలేదు. దొరకరని కాదు, దొరుకుతారేమోనని. ఇప్పుడు నేను ఉండేది కొవ్వూరులో. వంతెన దాటితే అవతల రాజమండ్రే. పిల్లకి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా బజారు వైపు, చేపలమ్మే వైపు తల తిప్పను.

పెళ్లిచూపుల్లో మా మావయ్య ఈ బిళ్లల కథే చెప్పాడు. "అన్నం విలువ తెలిసిన పిల్లండి," అన్నాడు. అత్తగారు ఆ మాటకే మురిసిపోయారు. ఇప్పటికీ నా మూడేళ్ల కూతురు ముద్ద వద్దని మొహం తిప్పుకుంటే, "మీ అమ్మ ఎలాంటిదో తెలుసా," అని మొదలుపెడతారు. ఆవిడ చెబుతుంటే పిల్ల నా మొహంలోకి చూస్తుంది. నేను కంచంలోకి చూస్తాను. ఈ ఇంట్లో నన్ను నిలబెట్టిన మంచితనమే నాది కాదని ఎలా చెప్పను? ఎవరితో మొదలుపెట్టను? మా ఆయన మంచివారు. అందుకే ఇంకా భయం.

పోయిన వారం కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. కొత్తగా చేరిన హాస్టల్ అమ్మాయిలకి అన్నం వృథా చేయకూడదని నాలుగు మాటలు చెప్పాలట. నన్ను అడక్కుండానే మా ఆయన వస్తుందని జవాబు రాసేశారు, సంతోషంతో. అత్తగారు నేను కట్టుకోవాల్సిన చీర కూడా తీసి పెట్టారు. ఆ పిల్లల్లో ఎవరైనా, మిగలకుండా వండితే మిగిలినదాని మీద బతికేవాళ్ల సంగతేంటండి అని అడిగితే? ఎవరూ అడగరు. అడగరన్నదే నన్ను తొలిచేస్తోంది.

అక్కడ నిజం చెబుతానని మీకు మాట ఇవ్వలేను. నేను మాట ఇస్తే ఏమవుతుందో ఇప్పుడే చదివారు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, ఆ హక్కు మీకు లేదు కూడా. కానీ ఆ వంటింట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఒక్కసారైనా సరిగ్గా చెప్పాలి. కాగితం మీదైనా.

అవును మేడమ్. ఉంచమని చెప్పింది నేనే. వీరమ్మ తప్పేం లేదు.

రాశాను.