అత్తకు ఆకులో పెట్టనివ్వని గ్లాసు

అత్త పోయిందని మా అన్న ఫోన్ చేసినప్పుడు నేను ఉడుమలైపేట బస్సులో ఉన్నాను. ఏడుపు అక్కడే వచ్చింది. కోపం పదహారో రోజున వచ్చింది, ఇంకా పోలేదు. పోయినవాళ్ళ గురించి నెమ్మదిగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు.

అత్త మా నాన్న చెల్లెలు. కోయంబత్తూరు మిల్లులో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక జర్మన్ కుటుంబానికి చాలా ఏళ్ళు వంట చేసింది. వాళ్ళు వెళ్ళిపోయినా వాళ్ళ వంట మా వీధిలో ఉండిపోయింది. ఎండాకాలంలో ఉడికించిన బంగాళాదుంపల్లో వెనిగరు, ఆవముద్ద కలిపి చల్లగా పెట్టేది. చలి మొదలైతే ఉప్పు వేసి నలిపిన క్యాబేజీ జాడీలో పులిసేది. ఆ వాసనకు పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు, అత్త పట్టించుకునేది కాదు. డిసెంబరు వస్తే ఎండుద్రాక్ష, బాదం వేసి, పైన పంచదార పొడి అద్దిన స్టోలెన్ అనే క్రిస్మస్ రొట్టె.

ఒకసారి మే నెలలో ఆ రొట్టె చేయమని సతాయించాను.

“ఇప్పుడెందుకు కణ్ణూ? కాచుకొని తింటేనే దానికి రుసి,” అంది.

ఎదురుచూడటంలో సుఖముందని నాకు నేర్పింది ఆవిడే.

అన్నిటికన్నా ఆవిడకు సెప్టెంబరు ఇష్టం. చిన్నమనూరు నల్లద్రాక్ష తెప్పించి, రసం పిండి, ఆ గిన్నెకు గుడ్డ కట్టి పెట్టేది. కొన్నాళ్ళకు అది నురగలు కక్కేది. పూర్తిగా వైను కాదు, ఉత్త రసమూ కాదు. జర్మనీలో కొత్త ద్రాక్ష దిగినప్పుడు అలాగే తాగుతారట, పక్కన ఉల్లిపాయలు పరిచి కాల్చిన రొట్టెతో. అత్త ఆ రొట్టె మీద షాజీరా చల్లి కాల్చి, చిన్న గ్లాసుడు రసం పోసుకుని గడప మీద కూర్చునేది. ఎవరు పిలిచినా లేచేది కాదు.

“ఇది నా పొద్దు,” అనేది.

పోయింది కూడా సెప్టెంబరులోనే. మా ఇళ్ళల్లో పదహారో రోజున పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డిస్తాం. అత్త భర్త, మా మామ పోయినప్పుడు అన్నే బ్రాందీ సీసా మూత తీసి గ్లాసులో పోశాడు, పక్కన బీడీకట్ట కూడా పెట్టాడు. ఎవరూ నోరెత్తలేదు. అందుకే నేను ముందుగానే ద్రాక్షరసం పిండి పులియబెట్టి, సీసాలో పోసి, ఉల్లిరొట్టె కాల్చి తీసుకెళ్ళాను.

“ఏంది ఇది?” అన్నాడు అన్న.

“అత్తకు ఇష్టమైంది.”

“ఆడమనిషి ఆకులో ఇదా? అసింగం అమ్మిణీ, సిగ్గుచేటు. సొంతకారులు, చుట్టాలు ఏమంటారు?”

“మామకు బ్రాందీ పెట్టినావే?”

“ఆయన మొగోడు. సుమ్మా ఉండు, మాట్లాడకు.”

సీసానీ రొట్టెనీ తీసుకెళ్ళి తలుపు వెనక పెట్టాడు. ఆకులో వడ, పాయసం వడ్డించారు. అత్త జన్మలో పాయసం ముట్టలేదు. ఆవిడ చేతి వంట తిని పెరిగిన ఇంతమందిలో ఆ మాట ఒక్కరికీ గుర్తు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఆకుకు దండం పెట్టలేదు.

సాయంత్రం చుట్టాలు వెళ్ళాక తలుపు వెనక చూస్తే సీసా లేదు. అన్న, ఆయన బావమరుదులు మేడ మెట్లు దిగి వస్తున్నారు. అన్న ఖాళీ సీసా నా చేతిలో పెట్టాడు.

“బాగుండాది అమ్మిణీ. అచ్చం అత్త చేసిన మాదిరే ఉండాది,” అన్నాడు.

ఆయన మీసం మీద నురగ ఇంకా ఆరలేదు.